పట్టా గట్టిపడిందని ఊరుకోవద్దు

కొత్తగా వేసిన రైలు పట్టా మొదటి నెలల్లో ఉన్నంత మెత్తగా ఆ తర్వాత ఎప్పుడూ ఉండదు. బళ్లు తిరిగేకొద్దీ దాని తల బిరుసెక్కుతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు బ్రినెల్ కొలతలో 260 నుంచి 300 దాకా ఉండే గట్టిదనం, కొన్నేళ్లు బొగ్గు బళ్లు దొర్లాక పైపొరలో 350 దాటడం మామూలే. వాడేకొద్దీ బలపడే వస్తువు కంటే ఇంకేం కావాలని ఇంజినీర్లు కూడా సంబరపడటం చూశాను. ఆ బలానికి ఒక హద్దుంది. హద్దు దాటాక పట్టాను చీల్చేది కూడా ఆ బిరుసే. ఈ సంగతి మనసులో పెట్టుకోకుండా మన రైల్వేలు ఇంకా గట్టి పట్టాలు కొంటూ పోతే, పెట్టిన డబ్బుకు తగ్గ భద్రత రాదని నా వాదన.

నేను పర్మనెంట్ వే మనిషిని, అంటే పట్టాల బాగోగులు చూసేవాణ్ని. సర్వీసులో ఎక్కువ భాగం కాజీపేట–బల్లార్షా లైన్లో గడిచింది. ఢిల్లీ–చెన్నై ఎక్స్‌ప్రెస్‌లు, సింగరేణి బొగ్గు రేకులు (వ్యాగన్ల వరుసలు), సిమెంటు బళ్లు అన్నీ ఆ పట్టాల మీదే పోవాలి. కర్వు దగ్గర ట్రాలీ దిగి, పట్టా లోపలి మూలను వేలితో తడిమి చూడటం నాకు అలవాటు. ఆ మూలను మేం గేజ్ కార్నర్ అంటాం. పట్టా ఆయువు ఎంత మిగిలిందో రిజిస్టరు కంటే ముందు ఆ మూలే చెబుతుంది.

బొగ్గు వ్యాగన్ చక్రం పట్టాను తాకే జాగా ఒక చదరపు సెంటీమీటరు, కాస్త అటూ ఇటూ. ఆ జాగా మీద ఎంత బరువు పడుతుందో చూడండి. ఇరుసుకు 20.3 టన్నులుగా ఉన్న పరిమితిని 2005 తర్వాత దశలవారీగా పెంచుతూ 22.9 టన్నులకు తెచ్చారు. అంటే చక్రానికి దాదాపు పదకొండున్నర టన్నులు, చదరపు మిల్లీమీటరుకు నూరు కిలోల పైమాట. మేం 90 యూటీఎస్ అని పిలిచే పట్టా ఉక్కును లాగి తెంపడానికి చదరపు మిల్లీమీటరుకు 90 కిలోలు సరిపోతాయి. తెగకపోయినా తిరిగి పూర్వరూపానికి రాకుండా సాగిపోవడానికి అందులో సగం దాటితే చాలు. మరి మొదటి రేకుకే పట్టా ఎందుకు చితికిపోదు? చక్రం కింద నలిగే ముక్కకు నాలుగు పక్కలా ఉక్కే ఉంటుంది. పక్కకు పోదామంటే దారి ఉండదు. అలా చుట్టూ కట్టుబడి ఉండటం పట్టాకున్న మొదటి రక్ష.

58 వ్యాగన్ల బొగ్గు రేకు ఒకటి పోతే ఒక్కో పట్టా మీద వ్యాగన్ చక్రాలే 232 దొర్లుతాయి. ఇంజను చక్రాలు అదనం. మంచి రద్దీ లైన్లో పట్టాకు రాత్రింబవళ్లు ఇదే పని.

రెండు గుండ్రటి వస్తువులు ఒత్తుకున్నప్పుడు లోపల ఏం జరుగుతుందో 1881లోనే జర్మనీలో హైన్‌రిచ్ హెర్ట్జ్ లెక్కగట్టాడు. ఆయన చూసింది గాజు కటకాలను. ఆ లెక్క చక్రానికీ పట్టాకూ సరిపోయింది. దాని ప్రకారం చక్రం నిలువుగా ఒత్తేటప్పుడు ఉక్కును కోసే బలం పైతలం మీద కంటే రెండు మూడు మిల్లీమీటర్ల లోతున ఎక్కువ. అయితే చక్రం ఒత్తి ఊరుకోదు, రాపాడుతుంది కూడా. కర్వులో పక్కకు జారుతుంది. ఎక్కుడులో ఇంజను పట్టాను వెనక్కి తన్నుతుంది. సిగ్నల్ ముందు బ్రేకు పడుతుంది. ఈ రాపిడి బలం బరువులో మూడో వంతు దాకా వచ్చిందంటే లోపలున్న కోత పైకి వచ్చి పట్టా చర్మం మీదే పనిచేస్తుంది. కర్వుల్లో, ఎక్కుళ్లలో, స్టేషన్ల ముందర పట్టాలు త్వరగా పాడవడానికి కారణం ఇదే.

వాడిన పట్టా ముక్కను అడ్డంగా కోసి, అద్దంలా పాలిష్ పట్టి, ఆల్కహాల్లో కలిపిన నత్రికామ్లం పూసి మైక్రోస్కోపు కింద పెడితే ఈ కథంతా కనిపిస్తుంది. పట్టా ఉక్కు మెత్తని ఇనుము, గట్టి ఇనుప కార్బైడు పలచని పొరలుగా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటుంది. లోతున ఆ పొరలు తలో దిక్కుకూ ఉంటాయి. పైకి వచ్చేకొద్దీ అన్నీ ఒకే వైపుకు ఒరుగుతాయి. చిట్టచివర మిల్లీమీటరులో పదో వంతు మందంలో అవి పూర్తిగా పడుకుని, సాగి, ఇంకా పలచబడి ఉంటాయి. లోహం వంగడమంటే దాని పరమాణువుల వరుసల్లో ఉండే సూక్ష్మమైన లోపాలు కదలడమే. చక్రాలు నలిపేకొద్దీ ఆ లోపాలు పెరిగిపోయి, ఒకదాని దారికి ఒకటి అడ్డుపడతాయి. ఇక కదలడానికి మునుపటి కంటే ఎక్కువ బలం కావాలి. ఉక్కు బిరుసెక్కిందంటే అర్థం అదే.

జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మలు తేల్చే పనివాళ్ల దగ్గర కూర్చుంటే ఇది చదువుతో పనిలేకుండా తెలుస్తుంది. సుత్తి దెబ్బలు పడేకొద్దీ రేకు గట్టిపడుతుంది. కొంతసేపటికి సుత్తి చప్పుడే మారుతుంది. అప్పుడు పనివాడు కొట్టడం ఆపి, రేకును మంటలో కాల్చి మెత్తబరచి, మళ్లీ మొదలుపెడతాడు. కాల్చకుండా ఇంకా కొడితే రేకు చిట్లుతుంది. గట్టిపడటం, చిట్లడం ఒకే దారిలో ముందొక మజిలీ, వెనకొక మజిలీ అని ఆ పనివాడికి తెలుసు. లైన్లో ఉన్న పట్టాను మాత్రం ఎవరూ మంటలో పెట్టలేరు. దానికి వేరే ఉపాయం చూడాలి.

ముందు మంచి వైపు చెప్పాలి, ఎందుకంటే అది చిన్నది కాదు. కొత్త పట్టా మీద మొదటి కొన్ని వేల చక్రాలు దొర్లేటప్పుడు పైపొర రవ్వంత సాగుతుంది. సాగిన పొరను కింది ఉక్కు పట్టి ఉంచుతుంది. దాంతో పైపొర ఎప్పుడూ నొక్కుడులో ఉండిపోతుంది. నొక్కుడులో ఉన్న చోట పగులు అంత తేలిగ్గా నోరు తెరవదు. దీనికి బిరుసు తోడవుతుంది. రెండూ కలిసి, మొదట్లో తట్టుకోలేని బరువును కూడా తర్వాత చెక్కుచెదరకుండా మోసే స్థితికి పట్టా చేరుకుంటుంది. దొర్లే చక్రాల విషయంలో ఈ సర్దుబాటు ఎంత బరువు దాకా సాధ్యమో కేంబ్రిడ్జ్‌లో కెన్నెత్ జాన్సన్ దశాబ్దాల పాటు శోధించి తేల్చారు. బరువు, రాపిడి ఆ హద్దులో ఉన్నంతవరకు బిరుసెక్కిన పట్టా కొత్తదాని కంటే నిజంగానే మన్నికైనది. బేరింగ్ గుండ్ల దారులను రోలర్లతో నొక్కి, గేరు పళ్ల మీద చిన్న ఉక్కు గుళ్లు చిమ్మి ముందే గట్టిపరచడం వెనక ఉన్నదీ ఈ ఉపాయమే.

హద్దు దాటితే? అప్పుడు ప్రతి చక్రమూ పైపొరను కంటికి కనపడనంత ముందుకు తోస్తుంది. వెనక్కి రాదు. తర్వాతి చక్రం ఇంకాస్త తోస్తుంది. బిరుసు పెరుగుతూనే ఉంటుంది గానీ సాగే గుణం ఖర్చయిపోతూ ఉంటుంది. ఆ గుణం నిండుకున్న రోజున పొర తెగుతుంది. గేజ్ కార్నర్ మీద కొద్ది మిల్లీమీటర్ల ఎడంతో వరుసగా వెంట్రుకల్లాంటి ఏటవాలు గీతలు వస్తాయి. కొన్ని కొంతదూరం పోయి పెచ్చుగా ఊడిపోతాయి. వాటితో పెద్ద ప్రమాదం లేదు. కొన్ని మాత్రం మధ్యలో తిరిగి నిట్టనిలువుగా కిందికి దిగుతాయి. పట్టాను రెండుగా చేసేవి అవి.

ఇక్కడ మన వాతావరణం కలుగజేసుకుంటుంది. పట్టా ఉక్కుతో చేసిన చిన్న చక్రాలను ప్రయోగశాలలో ఒకదానిపై ఒకటి దొర్లించి పరీక్షించే పద్ధతి ఒకటుంది. 1990ల్లో బ్రిటన్‌లో అలా జరిగిన పరీక్షల్లో ఒక విషయం తేలింది. మొదటినుంచీ నీటి తడిలో తిరిగిన ఉక్కు ఎక్కువ కాలం నిలిచింది. ముందు పొడిగా తిప్పి, ఆ తర్వాత నీళ్లు చల్లిన ఉక్కు చాలా త్వరగా పగిలింది. కారణం తెలిసిందే. పొడి రాపిడి ఎక్కువ కాబట్టి పైపొర వేగంగా సాగి, సన్న పగుళ్లు పుడతాయి. నీళ్లు ఆ పగుళ్లలోకి దూరతాయి. చక్రం పగులు నోటి మీదికి రాగానే లోపలి నీరు బయటికి పోలేక, పగులు కొసను చీల్చుకుంటూ ముందుకు తోస్తుంది.

రామగుండం ఎండల్లో మార్చి నుంచి జూన్ దాకా ఎముకలా ఎండిన పట్టా మీద బొగ్గు రేకులు దొర్లి దొర్లి, మృగశిర రాగానే వాన పడటాన్ని ఆ పరీక్షతో పోల్చుకోండి. అక్కడ గదిలో చేసిన పని మన దగ్గర ఏటేటా ఆరుబయట జరుగుతోంది. వానల్లో లోతైన పగులు జనవరి చలి రాత్రి పట్టా కుదించుకుని లాగినప్పుడు తెగుతుంది. చలికాలం పట్టా విరిగితే చలి వల్ల విరిగిందని రాస్తాం. నా లెక్కలో ఆ విరుపు ఎండాకాలంలోనే మొదలైంది.

పట్టా వెంట నడిచి చూసే మా కీమాన్ ఒకాయన చూపించిన సంగతి ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టుంది. "సార్, పొద్దున తుప్పర పడ్డది. పట్టా ఆరింది గని గీతలు ఆరలే. సూడుండ్రి" అన్నాడు. నిజమే. తల అంతా ఎండి మెరుస్తుంటే, లోపలి మూలలో సన్నటి నల్ల గీతలు మాత్రం తడిగా ఉన్నాయి. పగుళ్లలో చేరిన నీరు ఆరలేదు. నేను రాసి పంపాను. పై అధికారి ఒకరు ఫైలు చూసి, ఆ పట్టా ఇంకా టన్నేజీ పూర్తి చేసుకోలేదు కదా, మార్చడమెందుకని అడిగారు. మీటరుకు 60 కిలోల 90 యూటీఎస్ పట్టాకు అప్పటి మాన్యువల్‌లో రాసిన ఆయువు 800 మిలియన్ టన్నుల బళ్ల బరువు. మా పట్టా అందుకు చాలా దూరంలో ఉంది. ఉత్తరం మీద ఉత్తరం రాశాక గానీ దాన్ని మార్చలేదు. తీసిన పట్టాను కోయించి చూస్తే, పైకి వెంట్రుకల్లా ఉన్నవాటిలో కొన్ని లోపల అర అంగుళం దాకా దిగి ఉన్నాయి. టన్నుల లెక్క తప్పని నేననను. అది సగటు మాట. తిన్నని లైన్లో పట్టా, కర్వులో బయటి పట్టా ఒకే టన్నుల కింద ఒకేలా ముసలివి కావు.

పై గీతలను చిన్నచూపు చూస్తే ఏమవుతుందో ఇంగ్లండ్‌లోని హ్యాట్‌ఫీల్డ్‌లో ప్రపంచమంతా చూసింది. 2000 అక్టోబర్ 17న లండన్ నుంచి లీడ్స్ పోతున్న రైలు గంటకు 185 కిలోమీటర్ల వేగంతో కర్వులో ఉండగా కింద పట్టా పగిలింది. రెండు మూడు చోట్ల కాదు, 300కు పైగా ముక్కలైంది. నలుగురు చనిపోయారు, డెబ్బై మందికి పైగా గాయపడ్డారు. గేజ్ కార్నర్ పగుళ్లు ఆ పట్టా మీద ఉన్నాయని సంబంధిత వాళ్లకు ముందే తెలుసు. మార్చడానికి పట్టా కూడా తెప్పించారు. మార్చడమే జరగలేదు. ఆ తర్వాత దేశమంతా వెతికితే అలాంటి పట్టాలు ఎన్నో బయటపడి, 1,200కు మించిన చోట్ల వేగం తగ్గించాల్సి వచ్చింది. నెలల తరబడి రైళ్లు నత్తనడక నడిచాయి. పట్టాల యజమాని రైల్‌ట్రాక్ సంస్థ ఏడాది తిరిగేసరికి దివాలా పాలనలోకి వెళ్లింది. పట్టా మార్పిడి వాయిదా వేసి మిగుల్చుకున్న సొమ్మెంతో గానీ, పోగొట్టుకున్నది ఒక సంస్థనే.

పైపొరలో దగ్గర దగ్గరగా పగుళ్లుంటే అల్ట్రాసౌండ్ పరీక్ష కూడా తికమకపడుతుంది. శబ్ద తరంగం మొదటి పగులు దగ్గరే వెనక్కి తిరిగి వస్తుంది, కింద ఇంకా లోతైనది ఉన్నా కనపడదు. ఆ పరీక్ష చేసే యూఎస్‌ఎఫ్‌డీ ట్రాలీ వచ్చి వెళ్లింది కాబట్టి లైను క్షేమమనుకోవడానికి అందుకే వీల్లేదు. గేజ్ కార్నర్ కోసం విడిగా పరీక్షలు పెట్టారు, మంచిదే. కంటితో చూసే కీమాన్ అవసరం వాటితో తీరదు.

బిరుసును నమ్ముకుని చేసే ఉక్కు కూడా ఒకటుంది. బళ్లు లైను మారే పాయింట్ల దగ్గర క్రాసింగులకు వాడేది. షెఫీల్డ్‌లో రాబర్ట్ హ్యాడ్‌ఫీల్డ్ 1882లో కనిపెట్టిన మాంగనీసు ఉక్కు, అందులో మాంగనీసు 12, 13 శాతం దాకా ఉంటుంది. పోతపోసినప్పుడు బ్రినెల్ 200 దగ్గర ఉండేది చక్రాల దెబ్బలు తిని 500 దరిదాపుకు పోతుంది. పైన బిరుసెక్కినా లోపల సాగే గుణం పోదు, అందుకే క్రాసింగు ముక్కుకు అది సరిపోయింది. అంత మంచి ఉక్కుకు కూడా మొదటి రోజుల్లో అంచుల్లో లోహం పొంగుతుంది. పొంగినది వెంటనే గ్రైండ్ చేసి తీయకపోతే అక్కడే పెచ్చు లేస్తుంది.

ఇప్పుడు మనం ఎటు పోతున్నామో చూద్దాం. బరువు బళ్లకూ వేగం బళ్లకూ వేడి చికిత్సతో తల గట్టిపరచిన పట్టాలు వస్తున్నాయి. అవి 350 బ్రినెల్‌తోనే మొదలవుతాయి. సరుకు రవాణాకు ప్రత్యేకంగా వేసిన కారిడార్లలో ఇరుసుకు 25 టన్నులు. గట్టి పట్టా వేయడాన్ని నేను వ్యతిరేకించను. అది ఆలస్యంగా సాగుతుంది, పగుళ్లు ఆలస్యంగా వస్తాయి. కాకపోతే వెనకటి 72 యూటీఎస్ మెత్తని పట్టా అరిగేది, అరిగేటప్పుడు అలసిన పొరతో పాటు పుట్టీపుట్టని పగుళ్లు కూడా పోయేవి. గట్టి పట్టా అంతగా అరగదు. దాని మీద పుట్టిన పగులు దాని మీదే పెరుగుతుంది. చక్రం చేయడం మానేసిన పనిని గ్రైండింగ్ యంత్రం చేయాలి. ఒక్కోసారి మిల్లీమీటరులో పదో వంతో రెండు వంతులో తీసేస్తే చాలు, సాగే గుణం అయిపోయిన చర్మం పోయి కింద ఓపిక ఉన్న ఉక్కు పైకి వస్తుంది. నేను పైన చెప్పిన ఉపాయం ఇదే. పగుళ్లు లోతుగా దిగాక ఒక మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు తీయడం గ్రైండింగ్ కాదు, పట్టా ఆయువును చెక్కి పారేయడం.

ఈ యంత్రాలు మన రైల్వేల్లో ఉన్నాయి. ఉన్నవి ఇంత పెద్ద లైన్లకు చాలవు. ఉన్న వాటికి కూడా కంట్రోలు నుంచి బ్లాకు, అంటే బళ్లు ఆపి పనికిచ్చే సమయం, దొరకదు. గంట అడిగితే అరగంట ఇస్తారు, యంత్రం వచ్చి సర్దుకునేలోపు అది అయిపోతుంది. కొత్త బండికి పచ్చజెండా ఊపడానికి మంత్రులు వస్తారు. గ్రైండింగ్ బ్లాకు కోసం పట్టుబట్టే జూనియర్ ఇంజినీరుకు అండగా ఎవరూ రారు. దీని గురించి నాకు బాధ ఉంది, దాచుకోను.

రైల్వే బోర్డుకు నా విన్నపం ఇది. గట్టి పట్టా కొన్న ప్రతి లైనుకూ గ్రైండింగ్ గంటలను అదే ఫైల్లో మంజూరు చేయండి. కొత్త పట్టా వేసిన కొద్ది నెలల్లోనే మొదటిసారి గ్రైండ్ చేయించండి. ఫ్యాక్టరీలో వేడికి కార్బన్ పోగొట్టుకుని మెత్తబడిన పైపొర ఒకటి దాని మీద ఉంటుంది, పగుళ్లకు తొలి చోటు అదే. మన తెలుగు నేల లైన్లలో కర్వుల గ్రైండింగ్ మే నెలాఖరుకు ముగించేలా క్యాలెండరు వేయండి. అలసిన పొర తీసేశాకే పట్టా మీద తొలకరి పడాలి. కర్వుల్లో పట్టా పక్కకు గ్రీజు పూయడం మళ్లీ నిష్ఠగా చేయించండి, రాపిడి తగ్గితే కోత లోతుకు పోతుంది. ట్రాక్‌మెన్ ఖాళీలు నింపండి. తుప్పర ఆరిన పట్టా మీద తడి గీతలను గుర్తుపట్టే కన్ను ఏ ట్రాలీకీ లేదు.

పాఠకులకు ఒక మాట. మీ బండి ఊరి బయట అరగంట ఆగి, పక్క లైను మీద నిప్పురవ్వలు చిమ్ముతూ పొడుగాటి యంత్రం ఒకటి మెల్లగా పోవడం కనిపిస్తే, ఆలస్యమైందని ఫిర్యాదు చేయకండి. ఆ అరగంట మీ భద్రత కోసమే. ఆ యంత్రం మీ లైన్లోకి ఏళ్ల తరబడి రాకపోతే మాత్రం తప్పకుండా ఫిర్యాదు చేయండి, మీ ఎంపీని అడగండి.